అరవై దాటాక ఏ షుగరు మాత్ర?

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ రెండూ ఒకే కోవ మాత్రలు; క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. తేడా ఆ తర్వాతే. కాలేయం విరగ్గొట్టాక కూడా గ్లిబెన్‌క్లమైడ్ ముక్కలకు షుగరు దించే సత్తువ మిగులుతుంది. కిడ్నీలు మందగిస్తే అవి ఒంట్లోనే పేరుకుంటాయి. గ్లిక్లజైడ్‌తో ఆ బెడద బాగా తక్కువ. అందుకే 2013 నాటి అత్యావశ్యక ఔషధాల జాబితాలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 60 ఏళ్లు దాటినవారికి గ్లిబెన్‌క్లమైడ్ తగదని రాసింది.

మా మేనత్త ఏకాదశి ఉపవాసం నాడు కూడా ఆ మాత్రే వేసుకుంది. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. పక్షవాతమనుకుని హడలిపోయాం, గ్లూకోజు ఎక్కించాక తేరుకుంది.

తిండి మానితే గ్లిక్లజైడ్‌తోనూ ప్రమాదమే, నిజమే. అయినా పెద్దవాళ్ల పాత చీటీని ఏళ్లతరబడి అలాగే తిరగరాయడం నేను ఒప్పుకోలేను. మాత్ర సొంతంగా మానకండి. క్రియాటినిన్ రిపోర్టు పట్టుకెళ్లి డాక్టరుగారిని అడగండి.