ఐపీ అడ్రస్ ఒక్కటే సాక్ష్యమా?

2007లో బెంగళూరులో ఓ ఐటీ ఉద్యోగిని పుణె పోలీసులు అరెస్టు చేశారు. ఆర్కుట్‌లో శివాజీని కించపరిచే పోస్టు పెట్టాడన్నది ఆరోపణ, ఐపీ అడ్రస్ ఆధారం. తీరా చూస్తే ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన వివరాలే తప్పు. ఆయన మాత్రం 50 రోజులు జైల్లో గడిపాడు.

అలాంటి పొరపాటు ఇప్పుడూ జరగొచ్చు. ఇంటి కనెక్షన్‌కు ఐపీ అడ్రస్ ఆధార్ నంబర్‌లా శాశ్వతం కాదు. కంపెనీ దాన్ని సాధారణంగా కొంత గడువుకే ఇస్తుంది. రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే మారిపోవచ్చు. నిన్న మనది, ఇవాళ పక్క వీధి వాళ్లది. పైగా పాత ఐపీవీ4 పద్ధతిలో ఉన్నవి మొత్తం సుమారు 430 కోట్ల అడ్రస్‌లే. అవి చాలక చాలా కంపెనీలు ఒకే అడ్రస్‌ను ఒకేసారి ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. అప్పుడు ఏది ఎవరిదో తేల్చడానికి పోర్ట్ నంబర్ కావాలి.

అందుకే ఐపీతో పాటు తేదీ, సెకన్లతో సహా సమయం, పోర్ట్ నంబర్ సరిపోలాలి. సర్వర్ రికార్డుల్లో తరచూ యూటీసీ టైమ్ ఉంటుంది, మనది దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఆ లెక్క తప్పితే పోలీసులు వేరే ఇంటి తలుపు తడతారు.

అన్నీ కుదిరినా తెలిసేది కనెక్షన్ ఎవరి పేరున ఉందన్నదే. ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఐపీ చెప్పదు. వైఫై పాస్‌వర్డ్ నలుగురికీ పంచే ముందు ఇంటి పెద్దలు ఇది ఆలోచించాలి. నోటీసు వస్తే లాయర్ ముందు అడగాల్సిందీ ఇదే.