అటెండరు అతికిన అతుకు

మొదటి సంవత్సరం వర్క్‌షాపు ల్యాబులో నా పేరు మీద ఒక బట్ జాయింటు ఉంది. రికార్డులో బొమ్మ నేనే గీశాను, ప్రొసీజరూ నేనే రాశాను. అతికింది మాత్రం అటెండరు. నేను రాడ్డు ఆనించగానే అది ప్లేటుకి అతుక్కుపోయింది, లాగితే రాలేదు. ఆయన నవ్వి, హోల్డరు తీసుకుని మా బ్యాచి మొత్తానికీ అతికేశారు. ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. ఆ తర్వాత నేను అతికినవన్నీ కోడు ముక్కలే.

పదహారేళ్ళ తర్వాత, ఒహాయోలో, ఆ బాకీ తీర్చాల్సొచ్చింది. గరాజులో ఉన్న 1972 హోండా సీబీ350 సైలెన్సర్లు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. "కొనేస్తే పోలా?" అంది మా ఆవిడ. స్టెయిన్‌లెస్ గొట్టం తెచ్చి నేనే చేస్తానని నోరు జారాను.

గొట్టం మందం 1.2 మిల్లీమీటర్లు. మన ఊళ్ళో గేట్లు అతికే ఆర్క్ వెల్డింగు దీనికి మరీ మొరటు. టిగ్ కావాలి. కుడిచేతిలో టంగ్‌స్టన్ మొన ఉన్న టార్చి, ఎడంచేతిలో ఫిల్లరు కడ్డీ, కాలికింద కరెంటు పెడలు, చుట్టూ ఆర్గాన్. 1940ల మొదట్లో కాలిఫోర్నియాలోని నార్త్‌రప్ విమానాల కంపెనీలో రస్సెల్ మెరెడిత్ మెగ్నీషియం అతకడం కోసం దీన్ని తయారుచేశాడు. ఆయన వాడిన గ్యాసు హీలియం. విమానాలకి పనికొచ్చింది నా బండికి పనికిరాదా అనుకున్నాను. పద్ధతి పనికొచ్చింది, నేనే పనికిరాలేదు.

సాయంత్రం క్లాసులో చేరాను. పాఠం చెప్పేది పైపులు అతికి అతికి రిటైరైన పెద్దాయన. మనసులో మాస్టారనే పిలుచుకుంటాను. మొన కరిగిన లోహానికి తగిలితే పాడైపోతుంది, మళ్ళీ సానపట్టుకోవాలి. మొదటిరోజు అతికినదానికంటే సానపట్టిందే ఎక్కువ. 50 ఆంపియర్ల లోపే ఉండాలి, పెడలు కాస్త గట్టిగా తొక్కితే చిల్లు. పూడుద్దామని పోతే ఇంకా పెద్ద చిల్లు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగు టైపింగు నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. కాకపోతే ఇక్కడ బ్యాక్‌స్పేసు లేదు.

స్టెయిన్‌లెస్‌తో చిక్కేమిటంటే, మామూలు ఉక్కుతో పోలిస్తే వేడిని దాదాపు మూడోవంతే ప్రసరింపజేస్తుంది, వ్యాకోచం మాత్రం ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. వేడి పెట్టినచోటే కూర్చుని గొట్టాన్ని వంకర తిప్పేస్తుంది. అందుకని అంచులు కాగితం దూరనంత దగ్గరగా వచ్చేలా ఆకురాయితో రాకాలి. అసిటోనుతో తుడవాలి (క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు వద్దు, ఆ ఆవిరి వెల్డింగు దగ్గర ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది). ఎదురెదురుగా నాలుగు చుక్కలు వేసి, అంగుళం అతికి, చల్లారేదాకా ఆగాలి. అన్నిట్లోకీ ఆగడమే కష్టం.

నాలుగోవారం ఒక అతుకు బంగారు రంగులో వచ్చింది. గర్వంగా చూపించాను. మాస్టారు ఏమీ అనలేదు. గొట్టాన్ని నిలువునా కోసి నా చేతిలో పెట్టారు. లోపల మాడిన బెల్లం పాకంలా నల్లగా, గరుగ్గా ఉంది. వెనకవైపు గాలి తగిలి ఆక్సైడు కట్టింది. బండి అదురుకి అక్కణ్ణుంచే పగులుతుంది. గొట్టం చివరలు మూసి, గాలి పోవడానికి సన్నటి రంధ్రం ఉంచి, లోపల కూడా ఆర్గాన్ నింపాలట. చేతిలో ఆ రెండు ముక్కలు చూస్తుంటే నా పద్దెనిమిది మార్కులు గుర్తొచ్చాయి.

మళ్ళీ మొదటినుంచీ చేశాను. పోయిన ఆదివారం సైలెన్సర్లు బండికెక్కాయి. మొత్తం పదకొండు అతుకులు. ఒకదాంట్లో సూదిమొనంత చిల్లుంది, స్టార్టు చేస్తే బుస్సుమంటోంది. వచ్చేవారం సరిచేయాలి.

వీడియో కాల్లో నాన్నకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఎవరితో చేయించావురా?" అన్నారు.

"ఆ బుస్సు వినపడట్లేదా నాన్నా, నేనే" అన్నాను.