గోళీలు మార్చే ముందు

రేడియో కంట్రోల్ పందెపు కారు మలుపు తిరిగేటప్పుడు వెలుపలి చక్రం లోపలిదాని కన్నా ఎక్కువ దూరం పరుగెత్తవలసి ఉంటుంది. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. బాల్ డిఫరెన్షియల్‌లో గేరు రంధ్రాలలో అమర్చిన సన్నని ఉక్కు గోళీలు రెండు వలయాల నడుమ ఒత్తిడికి లోనై, పట్టు విడువకుండానే దొర్లుతాయి. ఆ ఒత్తిడి ఒక్క మర చేతిలో ఉంది.

సింగపూరులో ఏడాది పొడవునా తేమ. ఉక్కుకు తుప్పు పట్టడం వింత కాదు. డిఫరెన్షియల్ గరగరలాడగానే దుకాణానికి పరుగెత్తి సిరామిక్ గోళీలు కొనిపెట్టే తండ్రులలో నేనూ ఒకడిని. అది తొందరపాటని ఇప్పుడు నా నిశ్చితాభిప్రాయం. సిలికాన్ నైట్రైడ్‌కు తుప్పు పట్టదు, నిజమే. టంగ్‌స్టన్ కార్బైడ్ ఉక్కు కన్నా ఎంతో గట్టిది. కాని గాడిపడిన వలయాలపై ఏ గోళీ దొర్లినా ఫలితం శూన్యం.

ముందు విప్పి కడగాలి. వలయాన్ని తిరగవేస్తే రెండవ ముఖం తరచు కొత్తదిగానే ఉంటుంది. 600 నంబరు గరుకు కాగితంపై సున్నాలు చుట్టినట్లు రుద్దితే చాలు. గోళీలకు సిలికాన్ గ్రీజు, థ్రస్ట్ బేరింగుకు నల్లని మాలిబ్డినం గ్రీజు; ఇవి తారుమారైతే పట్టు జారుతుంది. మరను కొద్దికొద్దిగా బిగించాలి. రెండు చక్రాలనూ గట్టిగా పట్టుకొని గేరును బొటనవేలితో తోసినప్పుడు సులువుగా కదిలితే జారుతున్నట్లే. జారే గోళీ వలయాన్ని తినివేస్తుంది.

నూనె నింపిన గేరు డిఫరెన్షియళ్ళు ఎక్కువకాలం మన్నుతాయి, కాదనను. అయితే వాటి స్వభావం మార్చాలంటే విప్పి నూనె మార్చవలసిందే.

ఈ సెలవులలో అలెన్ కీని మీ అమ్మాయి చేతికో అబ్బాయి చేతికో ఇచ్చి మీరు పక్కన కూర్చోండి. గోళీలను మాత్రం తెల్లని పళ్ళెంలోనే విప్పించండి. మా ఇంట ఒకటి సోఫా కిందికి దొర్లిపోయి నేటికీ దొరకలేదు.