ఫతే మైదాన్ ఎవరి జయం?

మన మెదకు ఖిల్లా మీద కుతుబ్‌షాహీల నాటి మసీదును మీరు చూచే ఉంటారు. ఆ వంశపు ఏలుబడి 1687లో ముగిసింది. ఔరంగజేబు సైన్యం గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించింది. ఆ కాలంలో వారు హైదరాబాదులో ఒక విశాలమైన బయలులో డేరాలు వేసికొన్నారు. గెలిచిన పిమ్మట ఆ బయలుకు ఫతే మైదాన్, అనగా జయ మైదానం, అని పేరు వచ్చింది. నిజాముల కాలంలో అక్కడ పోలో ఆడేవారు. 1967 నుండి అది లాల్‌బహదూర్ స్టేడియం. హుస్సేన్‌సాగర్ అక్కడికి ఎంతో దూరం లేదు.

అయితే అది ఏమి జయం? వానలు, కరువు ముట్టడించినవారినే తినివేశాయి. కోట ఫిరంగులకు లొంగలేదు. లోపలివాడే డబ్బుకు ఆశపడి రాత్రివేళ తలుపు తెరిచాడు. ఆ రాత్రి అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని పిడికెడుమందితో ఎదురు నిలిచి, సుమారు డెబ్బది గాయాలతో పడిపోయాడు. అతనికీ ఆశ చూపారు, అతడు ముట్టలేదు. చివరకు శత్రువైన ఔరంగజేబే వైద్యులను పంపి అతనిని బ్రతికించాడు! రాజు తానాషాను మాత్రం దౌలతాబాదు కోటలో బంధించారు.

చైనాలోని హెఫే నగరంలో 215లో జాంగ్ లియావ్ కొద్దిమందితో పెద్ద సేనను తరిమిన రేవు నేడు చెరువుగట్టు ఉద్యానవనం. అక్కడ ఆ సేనాని విగ్రహం నిలిపారు. మన మైదానానికి పేరు మార్చినప్పుడు లారీని ఎవరూ తలచలేదేమని మాకు అనిపిస్తుంది. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆ స్టేడియం కనబడితే అతని సంగతి మీ పిల్లలకు చెప్పండి.