యాస మీది, భాష మాది?

రెండేళ్ల క్రితం ఒక కథల సంపుటి మీద రాస్తూ "తెలంగాణ యాసలో ఉన్నా హాయిగా చదివిస్తుంది" అన్నాను. మెచ్చుకున్నాననే అనుకున్నాను. ఆ 'ఉన్నా'లో ఎంత పొగరుందో ఇప్పుడు చూస్తే సిగ్గేస్తోంది. నాది గుంటూరు. పక్కన కృష్ణా జిల్లా కథల గురించి రాసినప్పుడు ఏనాడూ "కృష్ణా యాసలో ఉన్నా" అనలేదు.

యాస అంటే పలికే తీరు. సాగదీయడం, ఊనడం, రాగం. కానీ 'వచ్చిండు' రాగం కాదు, వ్యాకరణం. క్రియకి వేరే ప్రత్యయం. రాయలసీమలో 'వచ్చినాడు' అంటారు. అదే కుదించుకుపోయి మా 'వచ్చాడు' అయింది. నిండు రూపం వాళ్ల దగ్గరుంది, అరిగిన రూపం మా దగ్గరుంది. అయినా మాది భాష, వాళ్లది యాస!

"యాస అనొద్దు, మాండలికం అందాం" అంటారు మర్యాదస్తులు. అలాగే అందాం. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగుని నాలుగు మండలాలు చేశారు: ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య. ఆ మధ్య మండలం ఎవరిదనుకున్నారు? గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలది. అంటే నేను మాట్లాడేదీ మాండలికమే. భాష అన్నది వీటన్నిటికీ కలిపి పెట్టుకున్న పేరు. మా ప్రోగ్రామర్ల లెక్కలో అది క్లాసు, మాండలికాలు ఆబ్జెక్టులు. ఒక ఆబ్జెక్టు లేచి "నేనే క్లాసుని" అంటే నవ్వుతాం. ఇక్కడ మాత్రం తలూపుతున్నాం.

"పాఠ్యపుస్తకాలకీ వార్తలకీ ఒక ప్రమాణం వద్దా?" అంటారు. కావాలి. కానీ ప్రమాణం ఒక ఒప్పందం. మా జిల్లాల మాట ప్రమాణమైంది పత్రికల వల్లా పుస్తకాల వల్లా, మా నాలుకల గొప్పతనం వల్ల కాదు. ఒప్పందంలో పెద్దవాటా వచ్చినంత మాత్రాన ఇంటిపేరు మొత్తం మనదైపోదు.

"వాళ్లే గర్వంగా యాస అంటున్నారుగా?" అనీ అడుగుతారు. తమ మాటకి ఏ పేరు పెట్టుకుంటారో వాళ్లిష్టం. నా గొడవ, ఆ పేరుతో పక్కకి నెట్టే మనతోనే.

గిడుగు పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం. రెండు పండగల పేర్లలోనూ ఉన్నది భాషే. సమీక్షలు రాసే మనకే ఇంకా తెలియలేదు.

కాబట్టి ఒక చిన్న నియమం పెట్టుకుందాం. యాస పేరు చెబితే అందరిదీ చెప్పాలి, లేదా ఎవరిదీ చెప్పకూడదు. నా పాత వాక్యం ఇప్పుడైతే ఇలా రాస్తాను: "హాయిగా చదివిస్తుంది."

అంతే.