మన కాళ్ళకొక గంట

వరినాట్లు ముగిసిన వారంలో నర్సంపేటలో మా మహిళా సంఘం సమావేశం పెట్టుకున్నాం. మాట్లాడుకోవాల్సింది కూలి రేట్ల గురించి. చాపల మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది చీర కుచ్చిళ్ళ కింద కాళ్ళు దాచుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఒకామె నవ్వి, "సూపెట్టెతందుకు ఏమున్నయక్కా? మడిమెలు దుక్కి దున్నినట్టున్నయి" అంది. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక నా కాళ్ళు చూసుకున్నాను. అవీ అలాగే ఉన్నాయి. ఏళ్ళ తరబడి హక్కుల గురించి మాట్లాడుతున్న నేను, నా కాళ్ళను శ్రద్ధగా చూసుకున్నది ఎప్పుడో గుర్తు రాలేదు.

ఆ ఆదివారం టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని కూర్చున్నాను. పావుగంటలో మూడు పిలుపులు వచ్చాయి. ఒకరికి టీ కావాలి, ఒకరికి చొక్కా కనబడలేదు, ఇంకొకరికి తలుపు తీయడానికి నేనే కావాలి. తడికాళ్ళతో లేచి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నీళ్ళు చల్లారాయి. పట్టణంలో బ్యూటీ పార్లర్ల బోర్డుల మీద 'పెడిక్యూర్' అని రాసి ఉండేది ఈ పనే. పార్లర్‌లో అది సోకు కావచ్చు. ఇంట్లో ఒక స్త్రీ తన కాళ్ళ కోసం కూర్చునే గంట మాత్రం సోకు కాదు. ఆ గంట ఆమెకు ఎందుకు దొరకడం లేదన్నది హక్కుల ప్రశ్న.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా ప్రజలు రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీ సగటున రోజుకు 299 నిమిషాలు ఆ పనిలో ఉంటోంది. పురుషుడు 97 నిమిషాలు. అసలు అలాంటి పని చేస్తున్న మగవాళ్ళే నూటికి 26 మంది, ఆడవాళ్ళు 81 మంది. ఈ అయిదు గంటలూ ఎక్కువ భాగం నిలబడి చేసేవే. పొయ్యి దగ్గర, సింకు దగ్గర, నల్లా దగ్గర. ఆ బరువంతా మోసేది కాళ్ళు.

మన సంప్రదాయం ఆడవాళ్ళ కాళ్ళను పట్టించుకోలేదా అంటే, చాలానే పట్టించుకుంది. పసుపు రాసింది, పారాణి పెట్టింది, మెట్టెలు తొడిగింది. అయితే అవన్నీ ఆమె ఎవరి భార్యో చెప్పే గుర్తులు. భర్త పోతే ఆ మెట్టెలు తీసేస్తారు. అంటే ఆ ముస్తాబు ఆమె కాళ్ళకు కాదన్నమాట. పెళ్ళిలో పిల్లనిచ్చేవాళ్ళు అల్లుడి కాళ్ళు కడుగుతారు. కోడలు అత్తమామల కాళ్ళు పిసుకుతుంది. మన తెలంగాణలో 'బాంచెన్ నీ కాల్మొక్త' అన్న మాట తరతరాలుగా పేదల నోట పలికించారు. దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడవాల్సి వచ్చిన కులాలు మన మధ్యే ఉన్నాయి. ఎవరి కాళ్ళు ఎవరు తాకాలి, ఎవరు చెప్పులు తొడగాలి అన్నది కులమూ, పురుషాధిపత్యమూ కలిసి నిర్ణయించాయి. స్త్రీ తన కాళ్ళు తాను పట్టుకుని కూర్చునే చోటు మాత్రం ఇందులో ఎక్కడా లేదు.

లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఆషాఢంలో మన అవ్వలు మైదాకు నూరి చేతులకే కాదు, కాలివేళ్ళకూ, అరికాళ్ళ అంచులకూ పెట్టుకునేవారు. బురదలో దిగే రోజులు ముందున్నాయి కాబట్టి గోళ్ళకూ వేళ్ళకూ మంచిదని చెప్పేవారు. రాత్రి మైదాకు పెట్టుకున్న మనిషిని పని చెప్పి లేపేవారు కాదు. ఆ ఒక్క రాత్రి ఆమెకు సెలవు. అందానికంటే ఆ సెలవే నాకు గొప్పగా కనిపిస్తుంది.

ఇక్కడ కాళ్ళ కష్టం తక్కువది కాదు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల చెరువు కింద ఈనాటికీ వరి పండుతోంది. చెరువు గొప్పదనం గురించి అందరూ రాస్తారు. ఆ నీళ్ళు పారిన మడిలో పొద్దంతా వంగి నాటు వేసే స్త్రీల వేళ్ళ సందులు నాని, తెల్లబడి, పుండ్లు పడే సంగతి ఎవరూ రాయరు. ఆ బురదలో బూట్లతో నడవలేం. ఎండాకాలం మిరప చేలల్లో ఏరేటప్పుడు నేల కాలుతుంది, మడిమలు పగులుతాయి. పగుళ్ళకు నల్లజీడి కాల్చి పెట్టే అలవాటు ఇంకా కొందరికి ఉంది. జీడి రసం తోలును కాల్చి పొక్కులు లేపుతుంది. అది వైద్యం కాదు.

మరి ఇంట్లో ఏం చేయాలి? పెద్ద ఖర్చేమీ లేదు. గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు వేసి పది, పదిహేను నిమిషాలు కాళ్ళు ఉంచాలి. నానిన మడిమలను కాళ్ళు రుద్దుకునే గరుకు రాయితో మెల్లగా రుద్దాలి. బ్లేడుతో కోయకూడదు. గోళ్ళను మూలలు లోతుగా తీయకుండా అడ్డంగా, సూటిగా కత్తిరించాలి. వేళ్ళ సందుల్లో తడి లేకుండా పొడిబట్టతో తుడవాలి. తర్వాత మడిమలకు కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాసి, పడుకునేటప్పుడు పాత మేజోళ్ళు తొడుక్కోవచ్చు. వేళ్ళ సందుల్లో మాత్రం నూనె రాయకూడదు. అక్కడ తడి నిలిస్తే పుండు పెరుగుతుంది.

షుగరు ఉన్నవాళ్ళకు ఇది వర్తించదు. వాళ్ళ కాళ్ళకు స్పర్శ తగ్గి ఉండవచ్చు. నీళ్ళు కాలుతున్నా, ముల్లు దిగినా తెలియదు. కాళ్ళు నానబెట్టకుండా కడిగి, తుడుచుకుని, రోజూ అరికాలు చూసుకోవాలి. వంగలేకపోతే అద్దం పెట్టి చూసుకోవాలి. చిన్న పుండు కనబడినా డాక్టరుకు చూపించాలి. పుండును 'అదే మానుతది' అని వదిలేసి కాలు పోగొట్టుకునేవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. మంచానపడితే గాని మనం ఆసుపత్రికి వెళ్ళం కదా!

బోదకాలు వచ్చినవాళ్ళ సంగతి చూడండి. రోజూ సబ్బుతో కాలు కడిగి, పొడిగా తుడవడం ఆ జబ్బులో ముఖ్యమైన చికిత్స. అందుకే ఆరోగ్య శాఖ బాధితులకు టబ్బు, మగ్గు, సబ్బు, టవలు, మందు కలిపి ఇస్తుంది. 2018లో తెలంగాణ ప్రభుత్వం వాళ్ళకు పింఛను కూడా మొదలుపెట్టింది. మంచిదే. కాలు కడుక్కోవడం వైద్యమని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట. కాలు వాచిన తర్వాతే మనకు టబ్బు గుర్తుకు రావాలా అన్నదే నా ప్రశ్న.

"ముందు కూలి పెంచుమను, కాళ్ళ సంగతి తర్వాత" అని మన కార్యకర్తలే అంటారు. ఈ రెండూ వేరని నేననుకోను. కేరళలో కోజికోడ్ బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడి పనిచేసే స్త్రీలు 'పెణ్‌కూట్టు' సంస్థగా కూడి, కూర్చునే హక్కు కావాలని అడిగారు. మొదట అందరూ నవ్వారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా మార్చింది. నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లల దాకా ఆ మాట రావడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. అదైనా ఆ పిల్లలు తమ కాళ్ళ నొప్పి గురించి బయటికి చెప్పుకున్నారు కాబట్టే వచ్చింది.

అందుకని మా సంఘంలో కూలి రేటుతో పాటు ఇవి కూడా అడగాలంటున్నాను. బట్టల దుకాణాల్లో పిల్లలకు స్టూళ్ళు కావాలి. మురుగు కాల్వలు తీసే స్త్రీలకు కొలతకు సరిపోయే బూట్లు కావాలి. నాట్ల రోజుల్లో ఉపకేంద్రంలో వేళ్ళ సందుల పుండ్లకు మందు ఉండాలి. ఇక ఇంటి దగ్గర అడగాల్సింది వారానికొక గంట. ఆ గంట కోడలితోనో బిడ్డతోనో కాళ్ళు పట్టించుకోవడానికి కాదు. అలా చేస్తే మన బరువు ఇంకో ఆడమనిషి మీద వేసినట్టే. ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకోవాలి. ఆ గంటలో టీ పెట్టేది, చొక్కా వెతుక్కునేది, తలుపు తీసేది ఇంట్లో మగవాళ్ళు.

పోయిన ఆదివారం మళ్ళీ కూర్చున్నాను. ఈసారి ముందే చెప్పాను, గంటసేపు పిలవొద్దని. రెండుసార్లు పిలిచారు. లేవలేదు. నీళ్ళు చల్లారకముందే పని అయిపోయింది. వచ్చే సమావేశంలో కాళ్ళు దాచుకోకుండా కూర్చుందామని అందరికీ చెప్పాలనుకుంటున్నాను. పగుళ్ళున్నా సరే.