56కె మోడెమ్ కొన్నా 31కె దగ్గరే ఎందుకు ఆగింది?

ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌ల్లో సగం ఒకటే ప్రశ్న. "బ్రో, వైఫై 7 రౌటర్ తీసుకోవచ్చా?" ఇంట్లో ప్లాన్ ఎంత అంటే 50 ఎంబీపీఎస్. ఫోన్ ఏంటంటే వైఫై 5ది. వద్దంటే ఎవరూ వినట్లేదు. అందుకే మా నాన్న మోడెమ్ కథ చెప్తా.

2000లో నాన్న తెనాలిలో ఒక లాడ్జి కింద ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. రెండు కంప్యూటర్లు, ఒక 33.6 మోడెమ్. అప్పటికి నాకు రెండేళ్లు, కాబట్టి ఇదంతా విన్నదే. పేజీ తెరుచుకునేలోపు కస్టమర్ బయటికెళ్లి టీ తాగి వచ్చేవాడట. గంట లెక్కన డబ్బులు కదా, గొడవలు. చివరికి నాన్న చీటీ పాడి, కొత్త 56కె ఎక్స్‌టర్నల్ మోడెమ్ కొన్నారు. కనెక్ట్ చేస్తే స్క్రీన్ మీద వచ్చిన నంబర్: 31,200. అంటే పాత మోడెమ్ వచ్చే చోటే.

అమ్మినవాడు లైన్ బాగోలేదన్నాడు. లైన్ చూసేవాళ్లు మోడెమ్ బాగోలేదన్నారు. నెట్ ఇచ్చే కంపెనీ రెండూ బాగోలేవంది. చీటీ వాయిదా మాత్రం నెలనెలా కరెక్ట్‌గా వచ్చేది.

ఇక్కడ అసలు సంగతి చూడండి. 14.4 నుంచి 28.8కి, అక్కడి నుంచి 33.6కి వెళ్లడం సింపుల్. రెండు చివర్లా ఒకే రకం మోడెమ్, మధ్యలో అదే ఫోన్ లైన్. మెరుగైన మోడెమ్ పెడితే అదే తీగలో ఇంకొంచెం ఎక్కువ పిండుకోవచ్చు. 56కె అలాంటిది కాదు. ఫోన్ ఎక్స్ఛేంజ్ మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లుగా రాస్తుంది. మొత్తం 64కె. నెట్ కంపెనీ నేరుగా డిజిటల్ లైన్‌తో ఎక్స్ఛేంజ్‌కి కలిసి ఉంటే, అటునుంచి వచ్చే డేటా మన వీధి దగ్గర ఒక్కసారే అనలాగ్‌గా మారుతుంది. ఆ 8 బిట్లలో 7 నమ్మకంగా వాడుకుంటే 56కె. అది కూడా డౌన్‌లోడ్‌కే, అప్‌లోడ్ పాత 33.6 లోపే. దారిలో ఎక్కడైనా ఇంకోసారి అనలాగ్, మళ్లీ డిజిటల్ అయిందా, ఆట ముగిసింది. మోడెమ్ మారు మాట్లాడకుండా పాత స్పీడ్‌కి దిగిపోతుంది.

నాన్న విషయంలో జరిగింది అదే. మూడు నెలల తర్వాత వేరే కంప్లయింట్ మీద వచ్చిన లైన్‌మన్ ఒకాయన తీగ పట్టుకుని వెనక్కి వెళ్తే, మా లైన్ లాడ్జి ఇంటర్‌కమ్ పెట్టెలోంచి వస్తోంది. బయటికి ఫోన్ చేయాలంటే ముందు సున్నా నొక్కాలి, అయినా ఎవరికీ అనుమానం రాలేదు! దాన్ని తప్పించి డైరెక్ట్ లైన్ లాగారు. ఆ సాయంత్రం 45,333. మోడెమ్ అదే.

అలాగని మోడెమ్ కంపెనీలు శుద్ధపూసలేం కాదు. 1997లో యూఎస్ రోబోటిక్స్ ఎక్స్2 అంది, రాక్‌వెల్, లూసెంట్ కలిసి కె56ఫ్లెక్స్ అన్నాయి. ఒకదానితో ఒకటి 56లో మాట్లాడవు. మీరు ఎక్స్2 కొని, మీ నెట్ కంపెనీ కె56ఫ్లెక్స్ పెట్టుకుంటే బాక్స్ మీద 56, లైన్ మీద 33.6. 1998 ఫిబ్రవరిలో ఐటీయూలో వి.90కి ఒప్పుకున్నాక గానీ ఆ గోల తగ్గలేదు. ఒక్క విషయంలో మాత్రం వాళ్లని మెచ్చుకుంటా. చాలా మోడెమ్‌లలో ఫ్లాష్ మెమరీ ఉండేది, ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని వి.90కి మార్చుకోవచ్చు. కొన్నిటికి చిప్ మార్చాల్సి వచ్చింది, కొన్నిటికి అసలు దారే లేదు. ఆ తర్వాత వచ్చిన వి.92 కూడా అంతే, అప్‌లోడ్ 48కె అని బాక్స్ మీద ఉన్నా, అటువైపు సర్వర్‌కి అది రాకపోతే దండగే.

ఇప్పుడు మన ఫాస్ట్ చార్జింగ్ చూడండి. సొంత ఇటుకతో రాకెట్, పక్క బ్రాండ్ ఇటుకతో నత్తనడక. దీనికి రివ్యూలు రాసే మేమూ బాధ్యులమే. హెడ్డింగ్‌లో పెద్ద వాట్ నంబర్ పెడతాం, మామూలు యూఎస్‌బీ పీడీ చార్జర్‌తో ఎంత తీసుకుంటుందో ఎక్కడో కింద ఒక లైన్ రాస్తాం, ఒక్కోసారి అదీ రాయం. నా వరకు నేను ఇకనుంచి ఆ నంబరే ముందు రాస్తా.

రౌటర్ సంగతికొస్తే, ముందు లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. కేబుల్ మీద 50, ఫోన్‌లోనూ 50 వస్తే రౌటర్ డబ్బులు పెద్ద ప్లాన్‌కి కట్టుకోండి. కేబుల్ మీద 50 వచ్చి బెడ్‌రూమ్‌లో 8 వస్తే, రౌటర్ ఎక్కడ పెట్టారో ఒక ఫొటో పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం. టీవీ వెనకాల పెట్టుంటే మాత్రం పంపకండి, ముందు అక్కణ్నుంచి తీయండి.